బెల్లు మోగితే వచ్చేదెవరు? ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ గురించి మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో "పెద్దవాళ్ళు ఇంట్లో క్షేమంగా ఉండటానికి ఏం వాడుతున్నారు, మీకున్న సందేహాలేంటి" అని అడిగాం, ఉత్తరాలూ వాట్సాప్ మెసేజీలూ కలిపి బాగానే వచ్చాయి. సగానికి పైగా ఒకటే మాట, ఏది కొనమంటారు అని. కొనడం ఎంతసేపండీ, ఫోన్‌లో రెండు నొక్కులు. కొన్నాక దానికి చార్జింగ్ పెట్టేదెవరు, అది మోగినప్పుడు తలుపు తీసుకుని లోపలికొచ్చేదెవరు అన్నది మాత్రం ఒక్కరూ రాయలేదు. అందుకని కింద జవాబుల్లో ఆ మాట పదేపదే వస్తుంది, విసుక్కోకండి. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఊళ్ళు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం, అమ్మానాన్న తెనాలిలో. నాన్నకి 76, షుగరూ బీపీ ఉన్నాయి. పోయిన నెల తెల్లవారుజామున బాత్రూంలో జారి పడ్డారు, లోపల గడియ పెట్టుకున్నారు, అమ్మ అరుపులకి పక్కింటివాళ్ళొచ్చి తలుపు పగలగొట్టారు. ఎముక విరగలేదు, అదే పదివేలు. మనిషి పడితే తనే కనిపెట్టి ఫోన్ చేసే వాచీ పంపిద్దామనుకుంటున్నా. ఏది మంచిది? ఖర్చు గురించి చూడట్లేదు.

జవాబు: ఖర్చు గురించి చూడకపోతే ముందు ఆ ఇంటికి ఓ కార్పెంటర్నీ ప్లంబర్నీ పంపించండి బాబూ, వాచీ సంగతి తర్వాత చూద్దాం. బాత్రూం గడియ పీకించేసి, అవసరమైతే బయటనుంచి కూడా తెరవగలిగే లాక్ పెట్టించండి, బయటివైపు చిన్న గాడి ఉంటుంది, రూపాయి బిళ్ళ పెట్టి తిప్పితే వచ్చేస్తుంది. తలుపు లోపలికి తెరుచుకునేదైతే బయటికి తెరుచుకునేలా మార్పించండి, ఎందుకంటే చిన్న బాత్రూంలో పడ్డ మనిషి సరిగ్గా తలుపుకే అడ్డంగా పడతాడు, అప్పుడు లాక్ తీసినా తొయ్యలేం, తోస్తే ఆయనకే దెబ్బ. కమోడ్ పక్కనా స్నానం చేసే చోటా గోడకి స్టీల్ హ్యాండిళ్ళు, డ్రిల్ చేసి గట్టిగా బిగించేవి. రబ్బరు కప్పుతో టైల్‌కి అతుక్కునేవి మాత్రం వద్దు, తడి తగిలితే ఎప్పుడు ఊడొస్తాయో తెలీదు. ఇంకోటి, నాన్నగారు టవల్ రాడ్ పట్టుకుని లేస్తున్నారేమో అమ్మని అడగండి, చాలా ఇళ్ళల్లో అదే జరుగుతుంది, ఆ రాడ్ తువ్వాలు బరువు మోయడానికి పెట్టింది, మనిషి బరువుకి కాదు.

ఇక వాచీ. ఆపిల్ వాచీలో 2018లో వచ్చిన సిరీస్ 4 నుంచి ఈ సౌకర్యం ఉంది, మనిషి గట్టిగా పడినట్టు లోపలి సెన్సర్లకి అనిపిస్తే చేతిమీద తట్టి, అలారం మోగించి, బాగానే ఉన్నారా అని అడుగుతుంది, ఓ నిమిషం పాటు కదలిక లేకపోతే ఎమర్జెన్సీకి తనే కాల్ చేసి మీరు పెట్టిన నంబర్లకి మెసేజ్ పంపుతుంది. సెటప్‌లో వయసు 55 దాటినట్టు ఇస్తే అది తనంతట తనే ఆన్ అయిపోతుంది. వినడానికి బ్రహ్మాండంగా ఉంది కదా, ఇప్పుడు తెనాలి ఇంట్లో పెట్టి చూద్దాం. దానికి ఐఫోన్ తోడుండాలి, నాన్నగారిది ఏ ఫోనో మీరు రాయలేదు. రోజూ చార్జింగ్ పెట్టాలి. పైగా స్నానానికి లేచేముందు మన నాన్నలు చేసే మొదటి పని వాచీ తీసి టేబుల్ మీద పెట్టడం, నీళ్ళలో తడిసినా ఏం కాదు అని ఎంత చెప్పినా అన్ని వేలు పోసి కొన్నదాన్ని తడపడానికి వాళ్ళకి మనసొప్పదు. అంటే సరిగ్గా పడే చోట అది చేతికుండదు. చేతికున్నా, గోడ పట్టుకుని మెల్లగా జారి కూలబడితే, మంచం మీంచి జారితే, అది పడటం కింద లెక్కకి రాకపోవచ్చు.

పంపిస్తే పంపించండి, కాదనను, కానీ అందులో మొదటి నంబర్ మీది పెట్టకండి. తెనాలిలో తెల్లవారుజాము ఐదంటే మీకు సాయంత్రం, కార్లో ఇంటికెళ్తుంటారు. అక్కడ మధ్యాహ్నం రెండైతే మీరు గాఢనిద్రలో ఉంటారు. మొదటి నంబర్ ఆ తలుపు పగలగొట్టిన పక్కింటాయనది, రెండోది ఊళ్ళోనే ఉండే చుట్టాలెవరిదైనా, మూడోది మీది. పక్కింట్లో మీ ఇంటి తాళంచెవి ఒకటి ఉండాలి, లేదా మెయిన్ డోర్‌కి నంబర్ కొడితే తెరుచుకునే లాక్ పెట్టించి ఆ నంబర్ ఆయనకి చెప్పండి, దాని బ్యాటరీలు మార్చే పని కూడా ఎవరికైనా అప్పజెప్పండి.

నన్నడిగితే మీ కేసులో అన్నిటికంటే పనికొచ్చేది వెయ్యి రూపాయల లోపు దొరికే వైర్‌లెస్ కాలింగ్ బెల్. మామూలుగా గుమ్మానికి పెట్టుకునేదే. దాని బటన్‌ని బాత్రూంలో గోడకి మోకాలి ఎత్తు కంటే కిందికి అతికించాలి, నేలమీద పడి ఉన్న మనిషి చెయ్యి చాపితే అందాలి, అదీ లెక్క. నీళ్ళు పడినా పాడవని బటన్ చూసుకోండి. మోగేది ఒకటి అమ్మ గదిలో, ఇంకోటి వీలైతే పక్కింట్లో. అట్టమీద రాసిన దూరం మైదానంలో లెక్క, మన గోడలు మధ్యలో వస్తే అందులో సగం కూడా రాదు కాబట్టి ముందు నొక్కి చూసి తర్వాత అతికించండి. దీనికి వైఫై అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, కరెంటు పోయినా మోగాలంటే మోగే పెట్టె కూడా బ్యాటరీది తీసుకోండి.

నాన్నగారిది బటన్ల ఫోనైతే ఒకటి చెప్పండి: 2017 నుంచి మన దేశంలో అమ్మే ఫోన్లన్నిటికీ పానిక్ బటన్ ఉండాలని రూల్, చిన్న ఫోన్లలో 5 గానీ 9 గానీ కాసేపు నొక్కి పట్టుకుంటే ఎమర్జెన్సీ నంబర్ 112కి వెళ్తుంది. స్మార్ట్‌ఫోన్ అయితే పవర్ బటన్ గబగబా నొక్కాలి, కొన్నిట్లో మూడుసార్లు, ఈ మధ్యవాటిలో ఐదుసార్లు, సెట్టింగుల్లో ఎమర్జెన్సీ అని ఉంటుంది అక్కడ చూసి ఆన్ చేయించండి. అలాగే అమ్మకి కూడా, ఎవరైనా పడితే రెక్క పట్టుకుని లాగి లేపొద్దని చెప్పండి, తుంటి దగ్గర నొప్పంటే కదపకుండా దుప్పటి కప్పి 108కి ఫోన్ చెయ్యాలి.

ప్రశ్న: అయ్యా, నేను రిటైర్డ్ టీచర్ని, అనకాపల్లి, 74 ఏళ్ళు. నా భార్య పోయాక పిల్లలు బెంగళూరు నుంచి వచ్చి హాల్లో కెమెరా పెట్టి వెళ్ళారు. ఇప్పుడు అందులోంచి మాట్లాడుతున్నారు. మొన్న బెల్లం ముక్క నోట్లో వేసుకుంటుంటే గోడలోంచి "నాన్నా, షుగరు!" అని కేక. గుండె ఆగినంత పనైంది. నేను కెమెరాని గోడవైపు తిప్పేశాను, వాళ్ళు అలిగారు. నాది తప్పా?

జవాబు: మాస్టారూ, మీది తప్పని చెప్పే ధైర్యం నాకు లేదు. పిల్లల భయమూ నిజమే, మీరు రాత్రి పడిపోతే పొద్దున్న పనిమనిషి వచ్చేదాకా ఎవరికీ తెలీదని వాళ్ళ బెంగ. కానీ దానికి మీరు ఏం తింటున్నారో, లుంగీ ఎలా కట్టుకున్నారో చూడక్కర్లేదు, లేచి తిరుగుతున్నారా లేదా తెలిస్తే చాలు. జపాన్‌లో జొజిరుషి అనే కంపెనీ 2001లోనే దీనికో ఉపాయం కనిపెట్టింది. అక్కడ పెద్దవాళ్ళు పొద్దున్నే టీకి నీళ్ళు కాచుకుంటారు కదా, ఆ ఎలక్ట్రిక్ పాత్రలోనే చిన్న పరికరం పెట్టారు, ఎప్పుడెప్పుడు వాడారో వేరే ఊళ్ళో ఉన్న పిల్లలకి మెయిల్ వెళ్తుంది. ఫొటో లేదు, మాట లేదు, అమ్మ టీ పెట్టుకుంది అన్న కబురు మాత్రం చేరుతుంది.

మన దగ్గర అదే పని చిన్న సెన్సర్లతో చేసుకోవచ్చు. వంటింట్లో మనిషి కదలికని పట్టేది ఒకటి, ఫ్రిజ్ తలుపుకో వీధి తలుపుకో అయస్కాంతంతో పనిచేసేది ఒకటి. పొద్దున్న ఎనిమిదింటిదాకా ఏ కదలికా లేకపోతే ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా కొన్ని యాప్‌లలో పెట్టుకోవచ్చు, అలా పెట్టుకోవడం కుదురుతుందా అని కొనేముందే అడగమనండి. ఇవి వైఫై మీద నడుస్తాయి, కరెంటు పోతే రౌటర్ ఆగి బెంగళూరులో వాళ్ళకి గుండెదడ, కాబట్టి రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి తప్పనిసరి, అరచేతంత ఉంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే రౌటర్‌ని ఆ లైన్ మీదికి మారిస్తే సరిపోతుంది.

ఏ సెన్సరూ వద్దనుకుంటే, మీ వయసువాళ్ళంతా పొద్దున్నే పువ్వుల బొమ్మలతో శుభోదయం పంపుతారు కదా, పిల్లలు వాటిని చూసి నవ్వుకుంటారు గానీ దానికంటే మంచి పరికరం లేదు. ఎనిమిదింటికల్లా మీ శుభోదయం రాకపోతే వాళ్ళు ఫోన్ చెయ్యాలి, మీరు ఎత్తకపోతే ఎదురింటివాళ్ళకి చెయ్యాలి, ఇంతవరకు ఒప్పందం చేసుకోండి. కెమెరాని తీసి వీధి గుమ్మం పైన పెట్టించండి, ఎవరొచ్చారో మీకూ తెలుస్తుంది. అది కొన్నప్పుడు వచ్చిన పాస్‌వర్డ్ మార్చారా లేదా అని వాళ్ళని అడగండి, మార్చకపోతే మీ పిల్లలే కాదు ఇంకెవరైనా చూడొచ్చు. బెల్లం సంగతి మాత్రం నన్నడక్కండి, మీ డాక్టరుగారూ మీరూ తేల్చుకోండి.

ప్రశ్న: మాది కరీంనగర్. మా అత్తమ్మ ఊళ్ళ ఒక్కతే ఉంటది, రమ్మంటే రాదు. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోతది, పొంగి మంట ఆరిపోయినా గ్యాస్ వస్తనే ఉంటది, ఆమెకు వాసన కూడా సరిగ తెలుస్తలేదు. గ్యాస్ లీక్ అలారం పెడ్దామంటే మా ఆయన స్లాబ్‌కు దగ్గర పైన పెట్టాలె అంటుండు. కరెక్టేనా?

జవాబు: కాదమ్మా, సిలిండర్ గ్యాస్‌కి పైన పెడితే దండగ. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే నేలమీద పరుచుకుంటుంది, అలారం నేలకి ఓ అడుగు ఎత్తులో, సిలిండర్‌కి దగ్గర్లో ఉండాలి. పైపు గ్యాస్ ఉన్న ఇళ్ళల్లో మాత్రం పైన పెట్టాలి, అది గాలికంటే తేలిక. మీ ఆయన అదెక్కడో చూసుంటారు. ఇలాంటి అలారాలు చాలావరకు ప్లగ్గులో పెట్టేవే, కరెంటు లేనప్పుడు పనిచెయ్యవు, లోపలి సెన్సర్‌కి కూడా ఇన్నేళ్ళని గడువుంటుంది, అట్టమీద చూసుకోండి.

కానీ అలారం మోగితే మీ అత్తమ్మ ఏం చేస్తుంది అని ఆలోచించండి. కంగారుపడి లైటేస్తుంది, దాంతోనే ప్రమాదం. అందుకే మోగడం కంటే ఆగిపోవడం మేలు. మంట ఆరిపోతే గ్యాస్ తనే ఆగిపోయే స్టవ్‌లున్నాయి, బర్నర్ పక్కన చిన్న పుల్లలాంటిది ఉంటుంది, మంట వేడి తగలకపోతే అది గ్యాస్ మూసేస్తుంది. షాపులో మంట ఆరితే గ్యాస్ ఆగేది కావాలని గట్టిగా అడగండి, అన్ని స్టవ్‌లకీ ఉండదు. టైం పెడితే ఆగిపోయే నాబ్‌లు కూడా వచ్చాయి. ఇండక్షన్ స్టవ్ ఇంకా మంచిది, గిన్నె తీసేస్తే ఆగిపోతుంది, టైమర్ ఉంటుంది, మంటే లేదు. చిక్కల్లా గిన్నెలతోనే, ఇత్తడివీ అల్యూమినియంవీ దానిమీద పనికిరావు, అడుగున అయస్కాంతం అంటుకుంటే పనికొస్తుంది లేకపోతే లేదు. గుండెకి పేస్‌మేకర్ ఉంటే ముందు డాక్టర్‌ని అడగాలి. చాయ్, పాలు, అన్నం వరకు ఇండక్షన్ మీద అలవాటు చేయించండి, మీరు పక్కన కూర్చుని వారం పది రోజులు చేయిస్తే వస్తుంది, యూట్యూబ్ వీడియో పంపితే రాదు.

రబ్బరు పైపు ఐదేళ్ళకోసారి మార్చాలి, దానిమీదే తేదీ ఉంటుంది. లీకైతే స్విచ్‌లు ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి తలుపులు తీసి, బయటికొచ్చి గ్యాస్ లీకుల ఎమర్జెన్సీ నంబర్ 1906కి ఫోన్ చెయ్యాలి, ఈ నంబర్ పెద్ద అక్షరాలతో వంటింటి తలుపు మీద రాసిపెట్టండి. ఇంకొక్క మాట, మీరు అడగలేదు గానీ, ఆ ఇంటికి కరెంటాయనతో 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించండి. మీటర్ దగ్గరుండే ఎంసీబీ వైర్లు కాలిపోకుండా చూస్తుంది, మనిషికి షాక్ కొడితే పట్టించుకోదు. ఆర్‌సీసీబీ అయితే కరెంటు లీకైన క్షణంలోనే పడిపోతుంది. బకెట్‌లో వాటర్ హీటర్ రాడ్ పెట్టుకునే అలవాటున్న ఇంట్లో ఇది లేకుండా ఇంకే స్మార్ట్ వస్తువు గురించీ మాట్లాడటం అనవసరం.

ప్రశ్న: మావారికి డిమెన్షియా. రాజమండ్రిలో మేమిద్దరమే. నేను పూజలో ఉన్నప్పుడో వంటలో ఉన్నప్పుడో తలుపు తీసుకుని వెళ్ళిపోతున్నారు. జీపీఎస్ వాచీ పెడితే విప్పి పారేస్తున్నారు. ఏం చెయ్యను?

జవాబు: అమ్మా, ఇది ఎంత కష్టమో రాసినదాంట్లోనే తెలుస్తోంది. వెళ్ళాక వెతకడం కంటే వెళ్ళేటప్పుడు తెలియడం ముఖ్యం, అందుకని ముందు వీధి తలుపుకి అయస్కాంతం అలారం పెట్టించండి, తలుపు కదిలితే చాలు పూజగదిలోకి కూడా వినిపించేంత మోత, చాలా చవక. గడియ కూడా ఆయన కళ్ళకి అలవాటు లేని చోట, తలుపు పైభాగాన పెట్టిస్తే చాలామందికి చెయ్యి అటు పోదు. కానీ ఆయన్ని లోపల పెట్టి బయట తాళం వేసి మీరు బజారుకెళ్ళడం మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు, నిప్పంటుకుంటే దారి ఉండదు.

ట్రాకర్ చేతికొద్దు. ఆయన ఏది లేకుండా గడప దాటరో మీకే తెలుసు, చెప్పులా, కళ్ళజోడు పెట్టా, భుజం మీద కండువానా, దాంట్లో కుట్టించండి. కొనేటప్పుడు సిమ్‌తో పనిచేసే జీపీఎస్‌దా లేక ఉత్త బ్లూటూత్ బిళ్ళా అని అడగండి, తాళాల గుత్తికి పెట్టుకునే ఆ బిళ్ళలు చుట్టుపక్కల ఫోన్లమీద ఆధారపడతాయి, గోదావరి గట్టున మనుషుల్లేని చోట కూర్చుంటే చూపించవు. చేతికి స్టీల్ కడియం మీద మీ ఫోన్ నంబర్ ఒక్కటే చెక్కించండి, అడ్రస్ వద్దు. ఈ మధ్య ఫొటో ఒకటి మీ వీధి చివర ఆటోస్టాండ్‌లో, కిరాణా కొట్లో, టీ కొట్లో ఇచ్చి సంగతి చెప్పండి, దాచుకోకండి, ఆయన్ని మొదట చూసేది వాళ్ళే. కనపడకపోతే గంటలు గంటలు మీరే వెతక్కుండా వెంటనే 112కి చెప్పండి. మీకు మనసు బాగా అలిసిపోయినప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులేమీ తీసుకోరు.

ప్రశ్న: అమ్మకి తెలుగు తప్ప రాదు. మాట్లాడితే పనిచేసే స్పీకర్ కొనివ్వనా? (నిజామాబాద్)

జవాబు: అలెక్సాకి మన దేశంలో ఇంగ్లిష్, హిందీ వచ్చు, తెలుగు రాదు. పాటలకైతే కొనండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ అసిస్టెంట్‌కి తెలుగు వచ్చు, "అబ్బాయికి ఫోన్ చెయ్యి" అంటే చేస్తుంది, అబ్బాయి పేరు ఫోన్‌లో ఎలా సేవ్ చేశారో అలాగే అమ్మ పలకాలి, అంతే.

ప్రశ్న: మా నాన్నగారికి పోలీసు డ్రస్సులో వీడియో కాల్ చేసి "మీ ఆధార్ మీద పార్సిల్ పట్టుబడింది, డిజిటల్ అరెస్ట్ చేశాం, కాల్ కట్ చెయ్యొద్దు" అని రెండు గంటలు కూర్చోబెట్టారు. నేను టైముకి ఇంటికి రావడంతో డబ్బు పోలేదు. ఇలాంటివి ఆపే యాప్ ఏదైనా ఉందా? (గుంటూరు)

జవాబు: అన్నీ ఆపే యాప్ లేదండీ. తెలియని నంబర్లన్నీ మోగకుండా ఆపే సెట్టింగ్ ఉంది గానీ, అది పెడితే హాస్పిటల్ నుంచి, గ్యాస్ డెలివరీ నుంచి వచ్చేవి కూడా ఆగిపోతాయి. డిజిటల్ అరెస్ట్ అన్నది మన చట్టంలోనే లేదు, 2024 అక్టోబర్‌లో ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా ఇదే చెప్పారు. అయినా పెద్దవాళ్ళు భయపడేది తెలియక కాదు, పరువు పోతుందని, వాళ్ళు మొదట చెప్పేది కూడా "ఇంట్లోవాళ్ళకి చెప్పొద్దు" అనే కదా. అందుకని డబ్బు దగ్గర అడ్డు కట్టండి. పెన్షన్ పడే ఖాతాకి యూపీఐ తీసేయించండి, ఫోన్‌కి తగిలించేది ఇంకో చిన్న ఖాతా, అందులో నెల ఖర్చుకి సరిపడా మాత్రమే. ఎఫ్‌డీలని ఆన్‌లైన్‌లో బద్దలు కొట్టే వీలు లేకుండా చెయ్యగలరా అని బ్యాంకులో అడగండి. పొరపాటున డబ్బు వెళ్ళిపోతే ఏడుస్తూ కూర్చోకుండా ఆ క్షణమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి కొట్టాలి, ఎంత ముందు చెప్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

పెన్షన్ తీసుకునేవాళ్ళు బతికే ఉన్నామని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ సీజన్‌లో ఇంకో రకం మోసం వస్తుంది, "మీ జీవన్ ప్రమాణ్ అప్‌డేట్ అవ్వలేదు, ఈ లింక్ నొక్కండి" అని. ఆ సర్టిఫికెట్‌ని ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్ 2014లో మొదలైంది, 2021 నుంచి ఫోన్ కెమెరాలో ముఖం చూపించి ఇంట్లోంచే చెయ్యొచ్చు, నాన్నగారిని బ్యాంకు మెట్లు ఎక్కించక్కర్లేదు, కానీ ఆ యాప్ మీరే ప్లేస్టోర్‌లోంచి దించుకుని చెయ్యండి, ఎవరో పంపిన లింక్‌తో వద్దు. ఇంకేదైనా అనుమానం వస్తే, పెన్షన్ గురించైనా ఇంట్లో గొడవల గురించైనా, పెద్దవాళ్ళ కోసమే 14567 ఎల్డర్‌లైన్ ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. అంబులెన్స్ లాంటిది కాదు, సలహాలకీ సాయానికీ.

ప్రశ్న: మా అక్క అమెరికా నుంచి అమ్మకి ఈసీజీ చూపించే వాచీ పంపింది, బీపీకి మణికట్టుకి పెట్టుకునే మిషన్ పంపింది. బీపీ ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది. ఏది నమ్మాలి? (విశాఖపట్నం)

జవాబు: మణికట్టుది పక్కన పెట్టి, జబ్బకి కట్టే మిషన్ కొనండి, పట్టీ అమ్మ జబ్బకి సరిపోయే సైజుదై ఉండాలి, బిగుతైతే ఎక్కువ చూపిస్తుంది. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టండి, వీపు ఆనించి, కాళ్ళు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో టేబుల్ మీద పెట్టి, అక్కతో వీడియో కాల్‌లో మాట్లాడిస్తూ కాకుండా చూడండి. నిమిషం తేడాతో రెండుసార్లు తీసి రెండూ రాయండి. ఆ వాచీ గుండె లయ తప్పితే చెప్పగలదేమో గానీ గుండెపోటు కనిపెట్టలేదు, ఆ కంపెనీయే అలా రాస్తుంది. కాబట్టి అమ్మకి ఛాతీలో బరువుగా ఉంది, చెమటలు పడుతున్నాయి అంటే, వాచీలో అంతా నార్మల్ అని వచ్చినా సరే 108కి చెయ్యండి, అక్కకి తర్వాత చెప్పొచ్చు.